ఆవకాయ తలుచుకుంటే నోరూరుతుంది, వాసన మాత్రం ఎందుకు రాదు?

గోదారిగట్టు
నిన్న రాత్రి మా ఇంట్లో ఆవకాయ మీద గొడవ. తినడం మీద కాదు, తలుచుకోవడం మీద. అమ్మ ఫోన్ చేసి, ఈ ఏడు కాయ ఆలస్యమైనా మొత్తానికి కలిపేశాను, జాడీకి వాసెన కూడా కట్టేశాను అంది. ఫోన్ పెట్టేలోపే నాకు నోరూరిపోయింది. పక్కనే ఉన్న మా ఆవిడ కళ్ళు మూసుకుని "అబ్బ, కొత్త ఆవపిండి ఘాటు ముక్కుకి తగులుతోంది" అంది. తగలడం ఏంటి, మనం పుణెలో, జాడీ రాజమండ్రిలో అన్నాను. నిజంగానే తగులుతోందంటుంది.

అరగంట కూర్చుని ప్రయత్నించాను. జాడీ కనిపిస్తోంది. పైన తేలిన నూనె కనిపిస్తోంది. ముక్క కొరికితే టెంక పంటికి తగిలే చప్పుడు కూడా వినిపిస్తోంది. వాసన మాత్రం సున్నా. ఆవకాయ ఒక్కటే కాదు, మల్లెపూలు, కిరసనాయిలు, కర్పూరం, దేన్ని తలుచుకున్నా రాదు.

ఇంకో తిరకాసు ఉంది. పోయిన నెల ఇక్కడో పాత కిరాణా కొట్లోకి వెళ్ళాను. గోనెసంచీ, ఇంగువ, బెల్లం కలిసిన వాసన. అంతే, మా తాతయ్య కొట్టు మొత్తం లేచి నిలబడింది. కాటా, గల్లాపెట్టె, గోడ మీద చిరిగిన క్యాలెండరు, ఆయన దగ్గు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా గుర్తుకు రాని క్యాలెండరు అది! వాసన పిలిస్తే అన్నీ వస్తున్నాయి, నేను పిలిస్తే వాసన రావట్లేదు. మా ఆవిడ కోతలు కోస్తోందా, నా ముక్కులోనే తేడా ఉందా?

కోడ్_కూలీ
పెళ్ళాం చెప్పింది అబద్ధమని తేల్చడానికి థ్రెడ్ తెరిచినవాళ్ళు నీకు ముందు చాలామంది ఉన్నారు. గెలిచినవాడు ఒక్కడూ లేడు.

ఎండుమిరప
మిరపకాయలు దంచుతున్నారు అని ఎవరైనా అంటే చాలు, నాకు తుమ్ము వచ్చేస్తుంది. నేను మీ ఆవిడ పక్షం.

తెల్లకాగితం
గోదారిగట్టు గారూ, మీకు వాసన ఒక్కటే రావట్లేదు. నాకు జాడీ కూడా రాదు. నూనె రాదు, టెంక చప్పుడు రాదు. కళ్ళు మూసుకుంటే చీకటి, అంతే.

ఈ సంగతి నాకు ముప్ఫై ఎనిమిదో ఏట తెలిసింది. ఆఫీసులో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక క్లాసు పెట్టారు. "కళ్ళు మూసుకోండి, సముద్రపు ఒడ్డున నడుస్తున్నారు, అలలు చూడండి" అంది క్లాసు చెప్పే ఆవిడ. నేను ఎప్పట్లాగే "సముద్రం, అలలు" అని లోపల మాటలు అనుకుని కూర్చున్నాను. అయిపోయాక పక్క సీటతను "నాకు భీమిలి కనిపించింది, అలల మీద ఎండ కూడా" అన్నాడు. కనిపించడం ఏంటి అని అడిగితే వాడు నన్ను వింతగా చూశాడు. అప్పటిదాకా "కళ్ళకు కట్టినట్టు" అంటే ఏదో అలంకారం అనుకున్నాను.

దీనికి పేరుంది, అఫాంటసియా. అప్పట్లో ఇంగ్లండులో ఎక్సెటర్ యూనివర్సిటీలో ఉన్న ఆడం జీమన్ అనే న్యూరాలజిస్టు 2015లో పెట్టాడు. మొదట ఆయన దగ్గరకి ఒక 65 ఏళ్ళ మనిషి వచ్చాడు. గుండెకు చికిత్స జరిగాక ఆయన మనసులో బొమ్మలు ఆగిపోయాయి. ఆ కేసు గురించి పత్రికలో చదివి "మాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే" అని 21 మంది రాశారు. అలా బయటపడింది. అంతకు చాలా ముందు, 1880లో, గాల్టన్ అనే ఆయన "ఈ రోజు పొద్దున్న ఫలహారం బల్లను తలుచుకోండి, ఎంత స్పష్టంగా కనిపిస్తోంది" అని అందరినీ అడిగాడు. ఆయన మిత్రులైన సైంటిస్టులు చాలామంది "మనసులో బొమ్మ ఏంటి, అవన్నీ కవుల మాటలు" అని కొట్టిపారేశారట.

సీమపిల్లోడు
ఏం మాట్లాడతాండారప్పా మీరు. ఎవురికీ ఏమీ కనపడదు. "జాడీ కనిపిస్తోంది" అంటే జాడీ ఎట్లుంటాదో తెలుసు అని అర్థం. "గుండె జారిపోయింది" అంటే గుండె జారి కింద పడిందా? ఆ సైంటిస్టులు చెప్పిందే నిజం. ఇంగ్లీషోళ్ళు పేరు పెడితే రోగం అయిపోతాదా.

తెల్లకాగితం
రోగం అని నేను అనలేదు. నాకు ఏ ఇబ్బందీ లేదు, బొమ్మలేసే పనిలోనే ఉన్నాను (బిల్డింగ్ ప్లాన్లు). పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియో పెట్టినవాళ్ళలో ఒకడైన ఎడ్ కాట్‌మల్ కూడా మా బాపతే.

నైట్‌డ్యూటీ_డాక్టర్
డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, ఆగి ఆగి వస్తాను. ముందు ముక్కు సంగతి.

కంటి నుంచి, చెవి నుంచి, చర్మం నుంచి వచ్చే కబురంతా ముందు మెదడు మధ్యలో ఉన్న థాలమస్ అనే చోట ఆగి, అక్కడి నుంచి పై పొరకి వెళ్తుంది. విజయవాడ జంక్షన్ అనుకోండి. ముక్కుకి మాత్రం బైపాస్ ఉంది. వాసన కబురు జంక్షన్లో ఆగకుండా నేరుగా దాని ఊరికి వెళ్ళిపోతుంది. ఆ ఊరి పొరుగునే, భయం సంతోషం లాంటివి చూసే అమిగ్డలా, జ్ఞాపకాలు అల్లే హిప్పోకాంపస్ ఉన్నాయి. అందుకే గోనెసంచీ వాసన తగలగానే తాతయ్య దగ్గు కూడా వచ్చింది. ఇరుగుపొరుగు కాపురం.

ఇక తిరుగు ప్రయాణం. చూసేటప్పుడు కబురు కంటి నుంచి తల వెనక భాగానికి వెళ్ళి అక్కడి నుంచి ముందుకు వస్తుంది. ఊహించేటప్పుడు దారి తిరగబడుతుంది. నుదుటి వైపు నుంచి ఆర్డరు వెళ్తే వెనక ఉన్న చూపు భాగం కొంచెం మేలుకుంటుంది. కంటికి, చెవికి ఈ ఎదురుదారి బాగానే నడుస్తుంది. ముక్కుకి చాలామందిలో అది కాలిబాట. కొందరిలో తారురోడ్డే. మీ ఆవిడ కోతలు కోస్తున్నారని నేను అనను.

ఒక పని చేయండి. ఆవిడ వాసన తలుచుకునేటప్పుడు చెప్పకుండా ముక్కు వైపు చూడండి. 2003లో ఒక ప్రయోగం చేశారు. వాసన ఊహించుకోమంటే జనం తమకు తెలియకుండానే గాలి ఎగబీలుస్తారు. మంచి వాసనైతే గట్టిగా, చెడ్డదైతే కొంచెమే. ఎగబీల్చకుండా ఆపితే ఊహ పలచబడుతుంది.

గోదారిగట్టు
ఇవాళ రాత్రే చూస్తాను. తెలిస్తే చంపేస్తుంది.

హైదరాబాదీ_చాయ్
డాక్టర్ సాబ్, నాదొక ముచ్చట. 2021ల కరోనా వచ్చినప్పుడు నాకు వాసన మొత్తం పోయింది. రెండు నెలలకు వాపస్ వచ్చింది గని ఉల్టా వచ్చింది. ఉల్లిగడ్డ ఏంచుతుంటే మోరీ వాసన. కాఫీ తాగుతుంటే కాలిన రబ్బరు వాసన. ఇంట్ల ఎవ్వలు నమ్మలే, నఖరాలు జేస్తున్నవ్ అన్నరు. గట్ల ఎనిమిది నెలలు నడిచింది.

అసలు సంగతి ఏందంటే, గా టైంల ఒక రాత్రి కల పడ్డది. కలల మంచిగ ఇరానీ చాయ్ వాసన వచ్చింది, పాతది, అసలుది. లేచి చాయ్ పెట్టుకుంటే మళ్ల గదే రబ్బరు. అంటే అసలు వాసన లోపట యాడనో భద్రంగ ఉన్నట్టే గదా? పిలుస్తే రాదు, కలల వస్తది.

నైట్‌డ్యూటీ_డాక్టర్
చాయ్ భాయ్, ఆ ఉల్టా వాసన చాలామందికి వచ్చింది. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఈ మూడే ఎక్కువ చెప్పారు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉంటాయి. ఒక్కో వాసన వాటిలో కొన్నింటిని కలిపి మీటుతుంది, హార్మోనియంలో మెట్లు కలిపి నొక్కినట్టు (ఈ గ్రాహకాలు కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్). మెట్లు కొన్ని పని మానేసి కొన్నే పలికితే అదే పాట అపస్వరంగా వినిపిస్తుంది. కలలో ముక్కుతో పని లేదు, పాత స్వరం అలాగే పలికింది. నా దగ్గర ఇంతకంటే మంచి వివరణ లేదు.

పాతరేడియో
రిటైర్డు తెలుగు మాస్టారిని, ఒక మాట. మన భాషలో "వాసన" అంటే ముక్కుకి తగిలేదే కాదు, మనసులో మిగిలిపోయిన జ్ఞాపకపు ముద్ర కూడా వాసనే. "పూర్వజన్మ వాసనలు" అంటాం. చూసిన గుర్తుకీ విన్న గుర్తుకీ ఈ పేరు పెట్టలేదు, ముక్కు పేరే పెట్టారు పెద్దలు. గోదారిగట్టు గారి కిరాణా కొట్టు చదివాక ఎందుకో అర్థమైంది.

సీమపిల్లోడు
పూర్వజన్మ వాసనలంటే పోయిన జన్మలో స్నానం చేయలేదని అనుకుంటి మాస్టారూ.

పాతరేడియో
నీలాంటి వాళ్ళు ప్రతి బ్యాచికీ ఒకరుండేవారు నాయనా. వెనక బెంచీ.

ఇంకో సంగతి. వాసనలకు మాటలు లేవు, అందుకే గుర్తుండవు అంటారు చాలామంది. మలయా ద్వీపకల్పం అడవుల్లో జహాయి అనే జాతి వాళ్ళు రంగులకి పేరు చెప్పినంత తేలిగ్గా వాసనలకి పేరు చెబుతారని, ఇంగ్లీషు వాళ్ళు తడబడ్డారని 2014లో తేల్చారు. మరి మనకి? నీచు, కమురు, గవులు, ముక్కిన వాసన. ఇవి వస్తువుల పేర్లు కావు, అచ్చంగా వాసన పేర్లే. గుడ్డుకీ చేపకీ ఒకటే నీచు.

ఎండుమిరప
మాస్టారూ మీరు చెప్పినవన్నీ కంపులే. మంచి వాసనకి ఒక్కటి చెప్పండి చూద్దాం.

పాతరేడియో
ఘుమఘుమ.

ఎండుమిరప
అది చప్పుడు! 😄

మూగవీణ
చెవి గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మొదలెడతాను. పిల్లలకి సంగీతం చెబుతాను. కొత్తగా చేరిన పిల్లకి మొదటి నెలలో నేను చెప్పేది ఒకటే, పాడేముందు స్వరం లోపల విను, తర్వాత నోరు తెరువు. కొందరు వెంటనే అందుకుంటారు. ఒక అబ్బాయి మాత్రం "లోపల ఏమీ వినపడదు టీచర్, నోరు తెరిచాకే తెలుస్తుంది" అనేవాడు. సాకు అనుకుని రెండేళ్ళు తిట్టాను. తెల్లకాగితం గారి పోస్టు చదివాక వాడికి ఫోన్ చేయాలనిపిస్తోంది.

నాకైతే బస్సులో కూర్చుంటే తంబూరా మోగుతూనే ఉంటుంది. రాగం మొత్తం, గమకాలతో సహా. బీథోవెన్ 1824లో తొమ్మిదో సింఫనీ ప్రదర్శించే నాటికి చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. రాసిందంతా లోపల విన్నదే.

కోడ్_కూలీ
నా లోపల కూడా మోగుతుంది, ఒక వాషింగ్ పౌడర్ ప్రకటన. మూడు రోజులుగా. ఆపే మందు ఉందా డాక్టర్?

నైట్‌డ్యూటీ_డాక్టర్
పాట సగంలో వదిలేయకుండా చివరిదాకా ఒకసారి వినేయ్. కొందరికి పనిచేస్తుంది, నాకు చేయలేదు.

మూగవీణ గారికి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు రేడియోలో పాట మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ వచ్చేదాకా పాట తలలో నడుస్తూనే ఉండేది కదా? 2005లో డార్ట్‌మత్ కాలేజీలో అదే చేశారు. మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, పాటల మధ్యలో అక్కడక్కడా కొన్ని సెకన్లు నిశ్శబ్దం పెట్టారు. తెలిసిన పాటైతే ఆ నిశ్శబ్దంలోనూ చెవికి సంబంధించిన భాగం పనిచేస్తూనే ఉంది. వినమని ఎవరూ చెప్పలేదు, అదే నడిపేసుకుంది.

ముగ్గులమ్మ
నేనొకటి అడగొచ్చా, తప్పైతే నవ్వకండి. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు నేను చూడకుండా వేస్తాను. మా మనవరాలు పుస్తకంలో వేసి ఇవ్వమ్మమ్మా అని పెన్ను ఇచ్చింది. ఒక్క మెలిక గుర్తు రాలేదు. కళ్ళు మూసుకున్నా కనిపించలేదు. పిండి తెచ్చుకుని వాకిట్లో వంగాను, చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది. అది ఎక్కడ ఉన్నట్టు? తలలోనా, వేళ్ళలోనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
అమ్మా, ఎవరూ నవ్వరు, ఈ ప్రశ్న మీదే ఒక పెద్ద కథ ఉంది. అమెరికాలో ఒకాయనకి మూర్ఛలు తగ్గడానికి 1953లో ఆపరేషన్ చేసి రెండు వైపులా హిప్పోకాంపస్ చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత కొత్తగా ఏదీ గుర్తుండేది కాదు, ఐదు నిమిషాల క్రితం మాట్లాడిన మనిషి కూడా. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకి ఒక పని ఇచ్చింది. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీయాలి. మూడు రోజులు చేయించింది. ప్రతిరోజూ "ఇది నేనెప్పుడూ చేయలేదు" అనేవాడు, చెయ్యి మాత్రం రోజురోజుకీ సాఫీగా నడిచింది. జీవితాంతం ఆయన్ని హెచ్.ఎం. అనే రెండక్షరాలతోనే పిలిచారు. 2008లో పోయాకే హెన్రీ మోలైసన్ అనే పేరు బయటికొచ్చింది.

మీ ముగ్గు కూడా తలలోనే ఉందమ్మా, చేతి పనులు దాచే గదిలో. ఆ గది తాళం చెవి మాత్రం వంగిన నడుము, చేతిలో పిండి.

ముగ్గులమ్మ
నడుము నొప్పి కూడా ఆ గదిలోనే ఉంది బాబూ.

చుక్కలబడి
నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే ఈ థ్రెడ్ అంతా విన్నాను. అందరూ బొమ్మ రావాలి, బొమ్మ రాలేదు అని దిగులు పడుతున్నారు, నాకు నవ్వొచ్చింది.

నా కలల్లో బొమ్మలుండవు. మొన్న కలలో మా ఊరి బస్టాండు వచ్చింది. డీజిల్ వాసన, కాళ్ళ కింద వేరుశనగ పొట్టు, కండక్టర్ విజిల్, నా చెయ్యి పట్టుకున్న అమ్మ గాజులు. ఇంకేం కావాలి? ఊరి దారి నాకు అరికాళ్ళలో ఉంది. గుడి దగ్గర రాళ్ళు చల్లగా ఉంటాయి, కోమటి వీధి మలుపులో గాలి మారుతుంది. మీరు "కనిపించింది" అన్నచోట నేను "తగిలింది" అనుకుంటూ చదువుతాను. అర్థం ఎక్కడా చెడిపోలేదు.

ముగ్గులమ్మ గారూ, మీవీ చుక్కలే, నావీ చుక్కలే. బ్రెయిలీ నేను కూడా నోటితో చెప్పలేను, వేలు పెడితేనే వస్తుంది.

ముగ్గులమ్మ
సంతోషం నాయనా. నీ చుక్కలు వర్షానికి కొట్టుకుపోవు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
చుక్కలబడి గారూ, మీలాంటివాళ్ళు బ్రెయిలీ చదువుతుంటే 1996లో స్కాన్ చేసి చూశారు. తల వెనక, చూపు కోసం ఉండే భాగం పనిచేస్తోంది! కన్ను వాడుకోని ఇంట్లో వేళ్ళు కాపురం పెట్టాయి.

సీమపిల్లోడు
అదంతా సరే, నా ప్రశ్నకు ఎవురూ జవాబు చెప్పలా. "నాకు కనపడుతుంది" అని ఒకడు అంటాడు, "నాకు కనపడదు" అని ఇంకొకడు అంటాడు. నోటి మాట. రుజువు యాడ?

తెల్లకాగితం
రెండు చెబుతాను.

1910లో కార్నెల్ యూనివర్సిటీలో చెవెస్ పర్కీ అనే ఆవిడ జనాన్ని ఒక తెర ముందు కూర్చోబెట్టి "అక్కడ అరటిపండు ఉన్నట్టు ఊహించుకోండి" అంది. వాళ్ళకి తెలియకుండా తెర వెనక నుంచి నిజంగానే మసగ్గా అరటిపండు బొమ్మ వేసింది. అందరూ అది తమ ఊహే అనుకుని వర్ణించారు. కొందరైతే "నేను అడ్డంగా ఉన్న పండు అనుకుంటే ఇది నిలువుగా వచ్చిందేంటి" అని ఆశ్చర్యపోయారు. ఊహా చూపూ అంత దగ్గరి చుట్టాలు కాకపోతే ఇంత పొరపాటు జరగదు.

రెండోది 2022లో, సిడ్నీలో. వెలుగు చూస్తే కంటిపాప చిన్నదవుతుంది కదా. వెలుగుతున్న త్రికోణాన్ని ఉట్టినే ఊహించుకోమన్నారు. మామూలు వాళ్ళ పాప ఊహకే చిన్నదైంది. మా బాపతు వాళ్ళది నిజం వెలుగుకి చిన్నదైంది, ఊహకి కదల్లేదు. వీళ్ళు అసలు ప్రయత్నించలేదేమో అంటారా? ఒకటి కాకుండా నాలుగు ఊహించమంటే మా పాపలు పెద్దవయ్యాయి. కష్టపడి ఆలోచిస్తే పాప పెద్దదవుతుంది. కష్టపడ్డారు, బొమ్మ రాలేదు. నోటితో ఎన్నైనా చెప్పొచ్చు, కంటిపాపతో అబద్ధం చెప్పించడం కష్టం.

కోడ్_కూలీ
జోకులు పక్కన పెట్టి ఒకటి. మా పెద్దనాన్నకి పక్షవాతం వచ్చాక కంచంలో కుడి సగం మాత్రమే తినేవాడు. ఎడమ సగం అలాగే ఉండేది. ఆకలి తీరలేదని కోప్పడేవాడు. పెద్దమ్మ కంచం తిప్పి పెడితే అది కూడా తినేవాడు. చూపు బాగానే ఉందన్నారు డాక్టర్లు. అదేమైనా దీనికి సంబంధించిందేనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
బాగా సంబంధించిందే. మెదడు కుడి వైపు దెబ్బతింటే కొందరికి ఎడమ వైపు ప్రపంచం ధ్యాసలోంచే జారిపోతుంది. కన్ను తప్పు కాదు. 1978లో బిసియాక్, లుజాటి అనే ఇద్దరు డాక్టర్లు ఇటలీలో మిలాన్ నగరంలో ఇలాంటి ఇద్దరు రోగుల్ని ఒకటి అడిగారు. ఊళ్ళో పెద్ద చర్చి ముందున్న చౌకు వాళ్ళకి బాగా తెలుసు. "చౌకు అవతలి చివర చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని, ఏమేం ఉన్నాయో చెప్పండి." కుడి పక్క భవనాలన్నీ చెప్పారు, ఎడమవి దాదాపు వదిలేశారు. "సరే, ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర నిలబడి ఇటు తిరిగినట్టు ఊహించుకోండి." ఈసారి ఇందాక వదిలేసినవన్నీ వచ్చాయి, ఇందాక చెప్పినవి మాయం.

అంటే జ్ఞాపకంలో ఊరు మొత్తం ఉంది. దాన్ని లోపల "చూసే" చూపుకే సగం లేదు.

కోడ్_కూలీ
పెద్దనాన్న ఊరి గురించి చెప్పేటప్పుడు మా చెరువు గట్టు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. మర్చిపోయాడు అనుకున్నాం.

అవధానప్రియ
మా మేనమామ అష్టావధానాలు చేసేవాడు. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి ఇస్తుంటే, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెడగొడుతుంటే, చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో కూడా చెప్పాలి. వీపు మీద పూలు విసిరితే అవి కూడా లెక్కే. పద్యం చెవిలో, పూలు చర్మం మీద, రెండూ ఒకేసారి.

"మామయ్యా, పద్యాలు లోపల రాసి ఉన్నట్టు కనిపిస్తాయా" అని అడిగాను ఒకసారి. "కనిపించడమా? యతి స్థానం దగ్గర అక్షరం మోగుతుందే. తప్పు అక్షరం పెడితే మోగదు" అన్నాడు. ఆయన శిష్యుడు మాత్రం కాగితం మీద పాదాలు నాలుగు కనిపిస్తాయనేవాడు. ఇద్దరూ ఒకే విద్య చేశారు, లోపల మాత్రం ఒకరిది చెవి, ఒకరిది కన్ను.

మూగవీణ
"మోగుతుంది". అదే, అదే నేను చెప్పాలనుకున్నది.

ఎండుమిరప
నాకో డౌటు. ఇద్దరు పిల్లల్ని కన్నాను. నొప్పులు భయంకరంగా ఉన్నాయని గుర్తుంది, ఏం తిట్టానో కూడా గుర్తుంది, కానీ ఆ నొప్పి మాత్రం ఎంత తలుచుకున్నా ఒంట్లోకి రాదు. అదే, పలక మీద గోరు పెట్టి గీకడం అని రాస్తుంటేనే పళ్ళు జివ్వుమంటున్నాయి. ఇంత పెద్ద నొప్పి రాదు, అంత చిన్న గీత వస్తుంది. ఇదేం న్యాయం?

హైదరాబాదీ_చాయ్
అక్కా, చదివినోళ్ళందరి పళ్ళు జివ్వుమన్నయ్. మస్తు షుక్రియా.

తెల్లకాగితం
నాకు ఏమీ కాలేదు. నాలాంటివాళ్ళకి భయపెట్టే కథలు చదివించి చేతి చెమట కొలిచారు, 2021లో. మిగతావాళ్ళకి చెమట పెరిగింది, మాకు పెరగలేదు. భయంకరమైన ఫొటోలు చూపిస్తే మాత్రం అందరిలాగే. రాత్రి పూట దెయ్యం కథలు చదవాలంటే మమ్మల్ని పిలవండి.

నీలిగాజు
నాన్న పోయి నాలుగేళ్ళు. ముఖం వస్తుంది, గొంతు రావట్లేదు. వీడియోలు లేవు. ఎవరికైనా ఇలా అయిందా?

మూగవీణ
అమ్మా, మొత్తం గొంతు కోసం వెతక్కు. ఆయన ఎప్పుడూ ఒకేలా అనే మాట ఏదైనా ఉందా? గుమ్మంలో చెప్పులు విడుస్తూ పిలిచే పిలుపో, దగ్గే తీరో. పాట మర్చిపోయిన పిల్లలకి నేను పల్లవి ఎత్తుగడ ఒక్కటే అందిస్తాను, మిగతాది అదే వస్తుంది కొన్నిసార్లు.

నీలిగాజు
"ఏరా, తిన్నావా" అనేవారు. ఆడపిల్లని ఏరా అనేవారు. ప్రయత్నిస్తాను.

సీమపిల్లోడు
రెండు దినాలు రాలేదు నేను. చెప్తా ఉండండి, ఎగతాళి చేయొద్దు.

ఇంట్లో అందరినీ అడిగితి. మా అమ్మను, మా అన్నను, నా పెండ్లాన్ని. "కండ్లు మూసుకుంటే మన ఎద్దులు కనపడతాయా" అని. అందరూ కనపడతాయి అనిరి. మా అమ్మ అయితే ఎడమ దాని కొమ్ము మీద మచ్చ కూడా కనపడుతుందనె. నేను మూసుకుంటే ఏమీ లేదు. నల్లగ. సంతలో నూరు జతల్లో మావి యేవో చిటికెలో చెప్తా, మచ్చ యాడుందో చెప్తా, బొమ్మ మాత్రం లేదు. నలభై నాలుగేండ్లు అందరూ నాలాగే అనుకుంటి. 1880 నాటి ఆ సైంటిస్టుల బ్యాచి నేనే.

కానీ మెడ గంటలు మాత్రం వినపడతాయి. ఏ ఎద్దుది ఏ గంటో కూడా.

తెల్లకాగితం
స్వాగతం అన్నా. ఇక్కడ చీకటిగా ఉంటుంది, అలవాటైపోతుంది. నాకు గంటలు కూడా లేవు, నీకు ఒకటి ఎక్కువే.

పాతరేడియో
వెనక బెంచీ నుంచి ముందుకొచ్చావు. కూర్చో నాయనా.

గోదారిగట్టు
రిపోర్టు.

మా ఆవిడని మళ్ళీ ఆవకాయ తలుచుకోమన్నాను, ఓరగా చూశాను. డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే! ముక్కుపుటాలు కదిలాయి, గాలి గట్టిగా లోపలికి లాగింది. తనకి తెలియనే తెలియదు. తర్వాత ముక్కు మూసుకుని తలుచుకోమన్నాను. "ఇప్పుడు సరిగ్గా రావట్లేదు, దూరంగా ఉంది" అంది. ఎందుకు అడుగుతున్నావంటే థ్రెడ్ చూపించక తప్పలేదు. మొదటి పోస్టులో "కోతలు కోస్తోందా" అన్న ముక్క చదివింది. దాని గురించి ఇక్కడ రాయను.

నేను కూడా ఎగబీల్చి చూశాను. కర్పూరం తలుచుకుంటే అర సెకను ఏదో చల్లగా తగిలినట్టయింది. వాసనో, ఉట్టి గాలో తెలియదు. ఆవకాయ ఇంకా రాలేదు.

కోడ్_కూలీ
చెప్పానా, గెలిచినవాడు లేడని.

గోదారిగట్టు
ఇంకొకటి. ఇవాళ అమ్మ పంపిన పార్సిల్ వచ్చింది. ఐదు పొరల ప్లాస్టిక్ కవర్లు కోసి, సీసా మూత తిప్పాను. చిన్నప్పటి వాకిలి వస్తుందేమో, తాతయ్య కొట్టు వస్తుందేమో అని కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏవీ రాలేదు. పర్కీ గారి అరటిపండు వచ్చింది, నిలువుగా.

ఎండుమిరప
ఇక జన్మలో ఆవకాయ మూత తీసినప్పుడల్లా అదే వస్తుంది మీకు.

హైదరాబాదీ_చాయ్
ముందుగాల అడ్రస్ చెప్పు అన్నా, సీసా ఖాళీ అయ్యేలోపట వస్త.